మొదలుపెట్టేది

నలభై వేలున్నాయి మాస్టారూ,
ఏ పిస్తోలుతో మొదలెట్టమంటారని
గుణుపురం బండి దిగి తిన్నగా వచ్చేశావు లోకనాథం.
చెప్పులైనా విడవలేదు.
కూర్చో.

ముందు బీరువా కొను.
తుపాకీ కంటే తాళం ముందు పుట్టాలి.
తరవాత కాయితం.
నీ ఇంటిపేరు పాతపట్నంలో ఒకలాగుంటుంది,
పర్లాకిమిడి గుమస్తా ఒడియాలో రాస్తే
ఒక దీర్ఘం మింగేస్తాడు.
ఆ దీర్ఘాన్ని కక్కించడానికి నాకు
పద్నాలుగు నెలలు, ఒక జత చెప్పులు పట్టాయి.
నువ్వూ ఆ కాయితంలోవాడూ ఒకడేనని
ఇద్దరు సాక్షులు చెప్పాలి.
ఒకడు తెలుగువాడైతే మంచిది,
రెండోవాడు కాకపోతే ఇంకా మంచిది.

కొత్తది అడక్కు.
కొత్తదాని ధరకి రెండు పాడిగేదెలొస్తాయి, దూడలతో సహా.
పాతది చూడు. ఇదిగో నాది,
మా మావగారి తరవాత నా పేరు మీదికొచ్చింది.
పిడి విరిగితే ధనుర్జయ మహారణా
గేదెకొమ్ము అరగదీసి కొత్తది బిగించాడు.
కొంగల్నీ చేపల్నీ చెక్కే చెయ్యి కదా,
ఊరుకోలేక అంచున ఒక చేపకన్ను పెట్టాడు.
పిడికి మూడొందలు తీసుకున్నాడు. కన్నుకి వద్దన్నాడు.

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఇది ఠాణాకెళ్తుంది,
అలిగిన కోడలు పుట్టింటికెళ్ళినట్టు.
వస్తూ వస్తూ కాస్త తుప్పు తెచ్చుకుంటుంది.
ఇరవై రెండేళ్ళు. ఒక్క గుండూ పేల్చలేదు.
కాంతం దీన్ని సవతి అనేది.
తుడిచే గుడ్డ మాత్రం
తన పాత చీరలోంచే చింపి ఇచ్చేది.

రెండోది రథయాత్ర సంతలో కొన్న రేకు బొమ్మ.
నవ్వకు. రీలు వేస్తే ఇప్పటికీ పేలుతుంది.
పన్నెండు రూపాయల సరుకు.
పోగేసేవాడు ధర చూసి కుర్చీ వెయ్యకూడదు.

ఈ మూడోది,
అసలు మొదటిది ఇదే.
పరుగుపందెం పిస్తోలు. బరంపురంలో
ఆటసామాన్ల కొట్లో కొన్నాను.
హెడ్మాస్టరు డబ్బివ్వనంటే
నా జీతంలోంచే, మూడు నెలలు టీ మానేసి.
గుండు లేదు, గొట్టానికి నోరు లేదు.
ఉత్త చప్పుడు.

తొమ్మిదేళ్ళు క్రీడల రోజున
చెయ్యి పైకెత్తి, ఒక చెవి మూసుకుని, ఠప్.
పన్నెండు కాళ్ళు ఒక్కసారి నేలని వదిలేవి.
దేవుడు లోకాన్ని ఇలాగే మొదలెట్టి ఉంటాడనుకునేవాణ్ణి.

పదో ఏడు సున్నం గీత మీద
గుమ్మా కొండల నుంచి హాస్టలుకొచ్చిన గుంట,
రాహేలు రైకా.
ఆ మైదానంలో దాన్ని మించిన కాళ్ళు లేవు.
ఠప్ అన్నాను.
ఐదుగురు పరిగెత్తారు.
రాహేలు నేలని కరుచుకుపోయింది,
చేతులు రెండూ తల మీద,
పెదాల నిండా సున్నం.

ఆ చప్పుడికి అలాగే చెయ్యాలని
వాళ్ళమ్మ నేర్పిందట.
అక్కడ పేల్చేది ఎవరని నేనడగలేదు.
పడుకున్నవాళ్ళకి ఏ వైపుదో ఎలా తెలుస్తుంది?

మర్నాటి నుంచి ఈల.
పిస్తోలు బీరువాలోకెళ్ళింది.
వాడటం మానేస్తేనే కదా వస్తువు దాచుకునేదవుతుంది.
నా పోగు అలా మొదలైంది.
రాహేలు ఈలకి కూడా
అందరికంటే ఒక్క రెప్పపాటు ఆలస్యంగా లేచేది.
ఆ రెప్పపాటుని తీసెయ్యడం
నా చేత కాలేదు.

సరే, నీ నలభై వేలు.
బీరువాకి తొమ్మిది. నూనె, సన్నటి బ్రష్షు.
మిగతాది కాయితాలూ టీలూ తినేస్తాయి,
పిస్తోలుకి మిగిలితే అప్పుడు చూద్దాం.
ఏటి, ముఖం అలా పెట్టావు?
ఆదివారం రా, విప్పి తుడవడం నేర్పుతాను.

పోనీ ఇదొక్కటి పేల్చి చూడనా,
ఉత్త చప్పుడే కదా అంటావు.
తెలుసు, అందరూ అడుగుతారు.
ముందు ఆ కిటికీ తియ్యి.
ఎదురుగా హాస్టలు గోడ.
నాలుగున్నరైంది,
గుంటలు బళ్ళోంచి వచ్చే వేళ.